గోలు ముందు నిలబడ్డ మనిషి: పీటర్ తంగరాజ్

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం కావాలని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, ఈ బడిలో చదివి పైకొచ్చినవాళ్లలో ఎవరి గురించైనా రాయమన్నారు. అలాంటి వ్యాసాలు ఈ సంచికలో మీకు చాలానే కనబడతాయి. మనలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, ఉప్పల్ రోడ్డులోని ప్రయోగశాలల్లో పనిచేసి రిటైరైన శాస్త్రవేత్తలున్నారు, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న షెడ్డుతో మొదలుపెట్టి నలుగురికి జీతాలిచ్చే స్థాయికి వచ్చినవాళ్లున్నారు. వాళ్ల గురించి రాయడానికి నాకంటే తగినవాళ్లు ఉన్నారు. నేను మన బడిలో చదవని ఒకాయన గురించి రాస్తానని అడిగి ఒప్పించుకున్నాను.

ఆయన పేరు పీటర్ తంగరాజ్. 1935 డిసెంబర్ 24న హైదరాబాద్‌లో పుట్టారు. పేరు తమిళం, ఊరు మనది, ఆట ఫుట్‌బాల్, పని గోల్‌కీపింగ్. రెండు ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో ఉన్నారు. 1962లో మన దేశం ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన రోజున గోలు ముందు నిలబడ్డది ఆయనే. అర్జున అవార్డు అందుకున్న మొదటి గోల్‌కీపర్ ఆయనే. అయినా ఉప్పల్ రింగ్ రోడ్డులో నిలబడి పదిమందిని అడగండి, ఆ పేరు విన్నవాళ్లు ఒక్కరు దొరికితే గొప్ప. ఉప్పల్ అంటే ఇవాళ అందరికీ క్రికెట్ స్టేడియమే. 2005లో అక్కడ మొదటి అంతర్జాతీయ మ్యాచ్ జరిగినప్పటి నుంచి మన ఊరి పేరు టీవీలో వినబడుతోంది, సంతోషమే. కానీ క్రికెట్ కంటే ముందు ఈ నగరానికి ఇంకో ఆట ఉండేది. ఆ ఆటలో హైదరాబాద్ పేరు చెబితే దేశమంతా లేచి నిలబడేది.

తంగరాజ్ కథ చెప్పేముందు, ఆయన నిలబడిన ఆ చోటు గురించి ఒక మాట చెప్పాలి.

మన గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. రెండు జట్లు పంచుకునేటప్పుడు బాగా ఆడేవాణ్ని ముందు కోరుకునేవాళ్లం. అందరూ అయిపోయాక మిగిలినవాణ్ని గోలులో నిలబెట్టేవాళ్లం. పరిగెత్తలేనివాడు, లావుగా ఉన్నవాడు, కొత్తగా బడిలో చేరినవాడు, వీళ్లే మన గోలీలు. కొన్నిసార్లు ఒక గోలు తిన్నవాడు బయటికి వచ్చి ఇంకొకడు లోపలికి వెళ్లాలనే ఒప్పందం ఉండేది. అంటే అది చోటు కాదు, శిక్ష. నేను ఎనిమిదో తరగతిలో అలాగే గోలులోకి వెళ్లాను, పదో తరగతి అయ్యేదాకా అక్కడే ఉండిపోయాను. రెండు కర్రల మధ్య వెడల్పు 24 అడుగులు, పై కర్ర ఎత్తు 8 అడుగులు. మన గ్రౌండులో పై కర్ర ఉండేది కాదు కాబట్టి బంతి తల మీదుగా పోతే గోలా కాదా అని అరగంట లొల్లి జరిగేది. ఆ 24 అడుగుల ఖాళీని ఒక్కడే కాయడం ఎలా ఉంటుందో, అక్కడ నిలబడ్డవాడికే తెలుస్తుంది. మిగతా పదిమంది తప్పు చేస్తే సరిదిద్దడానికి వెనక ఇంకొకడుంటాడు. గోలీ వెనక ఎవరూ ఉండరు.

తంగరాజ్ కూడా గోల్‌కీపర్‌గా మొదలుపెట్టలేదు. ఆయన మొదట సెంటర్ ఫార్వర్డ్. అంటే గోల్స్ కొట్టేవాడు, జట్టులో అందరి కళ్లూ పడే చోటు. అక్కడి నుంచి ఎవరూ కోరుకోని చోటుకు వచ్చి, దాన్నే తన చోటు చేసుకున్నారు. ఆయన జీవితం మొత్తం ఆ ఒక్క మార్పులోనే ఉందని నాకనిపిస్తుంది.

ఆయన పెరిగిన కాలపు హైదరాబాద్, సికింద్రాబాద్‌లను ఊహించుకోండి. కంటోన్మెంట్ మైదానాల్లో పల్టన్ల ఆటలు, రైల్వే క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాల్లో పిల్లల ఆటలు. తెలుగు, ఉర్దూ, తమిళం, ఇంగ్లీషు కలగలిసిన అరుపులు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పినవారు. బడి సంచికలో రాస్తున్నాను కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను. భారత ఫుట్‌బాల్‌కు ఇప్పటిదాకా దొరికిన అతి గొప్ప కోచ్ ఒక హైదరాబాద్ టీచరు. పిల్లల్ని వరసలో నిలబెట్టి పేరుపేరునా పలకరించి ఎవడికి ఏది వస్తుందో కనిపెట్టే విద్య ఆయనకు తరగతి గదిలోనే అబ్బి ఉంటుంది.

అలాంటి ఊళ్లో తంగరాజ్ మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే స్థానిక క్లబ్బులకు ఆడుతూ పెరిగారు. ఇవాళ్టి అకాడమీల లాంటివి కావవి. పేటలో నలుగురు పెద్దలు చందాలు వేసుకుని బంతి కొని, జెర్సీలు కుట్టించి నడిపే జట్లు ఆ రోజుల్లో ఊరినిండా ఉండేవి. ఆట నేర్పేది వాళ్లే, ఆకలేస్తే చాయ్ తాగించేదీ వాళ్లే.

కానీ చాయ్‌తో ఇల్లు గడవదు. 1953లో, పదిహేడు పద్దెనిమిదేళ్ల వయసులో, తంగరాజ్ సైన్యంలో చేరారు. నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ ఆయనకు కొత్త ఇల్లయింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన బ్యాచ్ సంగతి చెబుతాను. మాలో నాకంటే చాలా మంచి గోలీ ఒకడుండేవాడు. పేరు రాయను, వాడికిష్టముండదు. పెనాల్టీ కొట్టేవాడి భుజం చూసి బంతి ఏ పక్కకు వస్తుందో చెప్పేవాడు. పదో తరగతి ఫలితాలు రాకముందే నాచారంలో ఒక ఫ్యాక్టరీలో రోజుకూలీకి చేరాడు. ఇంట్లో అన్నం కావాలి. పొద్దున ఆరుకు సైరన్, సాయంత్రం ఆరుకు సైరన్. ఆదివారం కూడా ఓవర్‌టైం. ఒక్క ఏడాదిలో ఆట మొత్తం పోయింది. వాడికి తక్కువైంది ప్రతిభ కాదు. ఆటనూ అన్నాన్నీ ఒకే చేత్తో ఇచ్చే చోటు దొరకలేదు, అంతే. తంగరాజ్‌కు ఆ చోటు సైన్యంలో దొరికింది. ఆయన కథకూ మావాడి కథకూ తేడా అక్కడే మొదలవుతుంది.

వెల్లింగ్టన్‌లో ఆయన సెంటర్ ఫార్వర్డ్ నుంచి గోల్‌కీపర్‌గా మారారు. ఆరడుగులు దాటిన మనిషి, పొడవాటి చేతులు. అయితే ఎత్తొక్కటే గోల్‌కీపర్‌ను చేయదు. ముందు వరసలో ఆడినవాడికి, ఎదురుగా దూసుకొచ్చేవాడి మనసులో ఏముందో తెలుస్తుంది. ఎప్పుడు కొడతాడు, ఎప్పుడు కొట్టినట్టు నటిస్తాడు, ఏ కాలు మీద బరువు వేశాడు, ఇవన్నీ తాను చేసిన పనులే. దొంగదారులు తెలిసినవాణ్ని కాపలా పెట్టినట్టయింది. ఆయన గోలులో ఉండగా మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1955లో, మళ్లీ 1958లో డ్యూరాండ్ కప్ గెలిచింది. దేశంలోకెల్లా పాత ఫుట్‌బాల్ పోటీ అది. 1955లోనే ఢాకాలో జరిగిన నాలుగు దేశాల పోటీలో ఆయన భారత జట్టుకు ఆడారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

ఆనాటి గోల్‌కీపర్ పని ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. బంతి తోలుది. వాన పడితే నీళ్లు తాగి ఇటుకలా బరువెక్కేది. ఇప్పుడున్నలాంటి మెత్తటి జిగురు గ్లవుజులు లేవు. ఉత్త చేతులు, లేకపోతే ఉన్ని గ్లవుజులు. బంతి పట్టుకున్న గోలీని ఎదుటి ఆటగాడు భుజంతో ఢీకొట్టడం అప్పటి నిబంధనల్లో నేరం కాదు. దెబ్బ తగిలితే బయటికి పంపి ఇంకొకణ్ని దించే వీలు పెద్ద పోటీల్లో లేదు. వేలు విరిగినా ఆట ముగిసేదాకా నిలబడాల్సిందే. ఇవాళ ఒక మ్యాచ్‌లో గోల్‌కీపర్ కింద పడితే ఫిజియో పరిగెత్తుకొస్తాడు. అప్పుడు తడిపిన స్పాంజి ఒకటే వైద్యం.

మన దేశపు ఆట కూడా అప్పుడప్పుడే కుదురుకుంటోంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనం 10-1 తేడాతో ఓడాం. చలిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరయ్యాయి. నాలుగేళ్ల తర్వాత 1956లో రహీం సారు జట్టును మెల్‌బోర్న్ తీసుకెళ్లారు. ఆ జట్టులో హైదరాబాదీలు చాలామంది, వాళ్లలో తంగరాజ్ ఒకరు. గోల్‌కీపర్లుగా ఎస్.ఎస్. నారాయణ్, తంగరాజ్ ఇద్దరూ వెళ్లారు. ఆస్ట్రేలియాను వాళ్ల దేశంలోనే 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్‌కు చేరింది. ఆ ఘనత సాధించిన మొదటి ఆసియా జట్టు మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది. అదే ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన సోవియట్ జట్టు గోల్‌కీపర్ లెవ్ యాషిన్. మాస్కోలో ఫ్యాక్టరీ కార్మికుడిగా పనిచేస్తూ ఆటలోకి వచ్చినవాడు. ఐరోపా ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన గోల్‌కీపర్ ఇప్పటిదాకా ఆయనొక్కడే. ఒకే పోటీకి ఒకవైపు మాస్కో ఫ్యాక్టరీ నుంచి యాషిన్, ఇంకోవైపు హైదరాబాద్ పేటల నుంచి తంగరాజ్ వెళ్లారన్న సంగతి నాకు చాలా ఇష్టం.

1958లో టోక్యో ఆసియా క్రీడల్లో మన జట్టు నాలుగో స్థానంతో తిరిగొచ్చింది. ఆ ఏడాది ఆసియా ఉత్తమ గోల్‌కీపర్‌గా మాత్రం తంగరాజ్ ఎంపికయ్యారు. గెలిచిన జట్టు గోలీకి పేరు రావడం సులువు. పతకం రాని జట్టు గోలీకి ఆ పేరు వచ్చిందంటే ఆయన ఎలా ఆడారో మనమే అర్థం చేసుకోవాలి.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్నాయి. హంగరీ ఆ రోజుల్లో ప్రపంచాన్ని గడగడలాడించిన జట్టు. ఆ జట్టు మన మీద 2-1తో మాత్రమే గెలవగలిగింది. వాళ్ల రెండో గోలు కొట్టిన ఫ్లోరియన్ ఆల్బర్ట్ 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడయ్యాడు. మన ఒక్క గోలు కొట్టింది అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా ముగించాం, పెరూ చేతిలో 3-1తో ఓడాం. హెల్సింకిలో పది గోల్స్ తిన్న దేశం, ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఐరోపా జట్లకు చెమటలు పట్టించింది. ముందు వరసవాళ్ల పేర్లు పేపర్లలో వచ్చాయి, రావాల్సిందే. కానీ పదిని రెండుకు తగ్గించే పని మైదానానికి అటు చివర జరుగుతుంది.

అదే 1960లో సర్వీసెస్ జట్టుకు కెప్టెన్‌గా ఉండి సంతోష్ ట్రోఫీ గెలిపించారు. గోల్‌కీపర్‌ను కెప్టెన్ చేయడం అరుదు. వెనక నుంచి మైదానమంతా కనబడేది అతనొక్కడికే అన్న సంగతి సైన్యానికి తెలిసి ఉండాలి. ఆ తర్వాత ఆయన సైన్యం వదిలి కలకత్తా చేరారు. మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, ఈ మూడు క్లబ్బులకూ ఆడారు. కలకత్తా సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. అక్కడ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అంటే ఒకే ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోనంత పంతం. ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు మారినవాణ్ని జనం అంత సులువుగా క్షమించరు. అలాంటి చోట మూడు క్లబ్బుల గోలూ కాసి, మూడు చోట్లా గౌరవం దక్కించుకోవడం చిన్న విషయం కాదు.

వృత్తి ఆటగాడు అనే మాట ఈ రోజుల్లో వింటే కోట్లు గుర్తొస్తాయి. ఆ రోజుల్లో కాగితం మీద అందరూ అమెచ్యూర్లే. ఏదో ఒక సంస్థలో ఉద్యోగం, సీజనులో క్లబ్బు తరఫున ఆట, సీజను అయ్యాక మళ్లీ బేరం. దేశమంతటికీ కలిపి ఒక జాతీయ లీగ్ 1996 దాకా రాలేదు. ఆటతో బతకాలనుకున్నవాడు కలకత్తా వెళ్లాల్సిందే. హైదరాబాద్ కుర్రాళ్లు ఒకరి వెనక ఒకరు అలాగే వెళ్లిపోయారు. మన ఊరు వాళ్లను పెంచింది, నిలుపుకోలేకపోయింది.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి తప్పుపట్టడంతో ఇండోనేషియా జనం మన మీద మండిపడుతున్నారు. ఊళ్లో మన దౌత్య కార్యాలయం మీద దాడి జరిగింది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచి ఫైనల్ చేరాం. ఫైనల్లో మళ్లీ దక్షిణ కొరియానే ఎదురైంది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. తంగరాజ్ ఫ్లూ జ్వరంతో మంచం పట్టి ఉండటంతో సెమీఫైనల్లో గోలు కాసింది ప్రద్యుత్ బర్మన్.

ఫైనల్ ముందు రహీం సారు రెండు నిర్ణయాలు తీసుకున్నారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను వెనక నుంచి తీసి ముందు వరసలో సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు. ఇంకా పూర్తిగా కోలుకోని తంగరాజ్‌ను గోలులోకి తిరిగి తెచ్చారు. మొదటి మ్యాచ్‌లో మనల్ని ఓడించిన జట్టు మీద, జ్వరం నుంచి లేచిన మనిషిని నిలబెట్టడం అంటే ఎంత నమ్మకం ఉండాలి! పంతులుగారు పిల్లాణ్ని ఎరిగి ఉంటే తప్ప అంత ధైర్యం రాదు. అప్పటికే రహీం సారు ఒంట్లో క్యాన్సర్ ఉంది.

1962 సెప్టెంబర్ 4. సెనయాన్ స్టేడియంలో లక్షమంది దాకా జనం, అందరూ మన మీద కేకలేస్తున్నారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టాడు. 20వ నిమిషంలో కట్టుకట్టిన తలతోనే జర్నైల్ సింగ్ రెండోది కొట్టాడు. ఆ తర్వాత గంటకు పైగా ఆట ఉంది. మనం ఒక్కసారి మన గ్రౌండును గుర్తు తెచ్చుకుందాం. రెండు గోల్స్ ముందున్న జట్టుకు మిగిలిన సమయం ఎంత నెమ్మదిగా కదులుతుందో మనకు తెలుసు. ముందువాళ్లు పరిగెడుతూ ఉంటారు కాబట్టి కాలం తెలియదు. గోలీ మాత్రం నిలబడి ప్రతి నిమిషాన్నీ లెక్కపెడతాడు. లక్ష గొంతులు తనకు వ్యతిరేకంగా అరుస్తుంటే, ఒంట్లో నీరసంతో, ఆ గంటసేపు ఆయన ఆ 24 అడుగులు కాశారు. 85వ నిమిషంలో కొరియా ఒక గోలు చేసింది. మిగిలిన ఐదు నిమిషాలూ ఇంకేమీ దాటనివ్వలేదు. 2-1. భారత్‌కు స్వర్ణం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనం ఆ తర్వాత మళ్లీ స్వర్ణం గెలవలేదు.

ఆ రోజు మైదానంలో మన జంటనగరాల నుంచి తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. గట్టున రహీం సారు. మరుసటి ఏడాది 1963 జూన్ 11న రహీం సారు కన్నుమూశారు.

తంగరాజ్ ఆట ఇంకా కొన్నేళ్లు సాగింది. 1964లో ఆసియా కప్‌లో రెండో స్థానం పొందిన భారత జట్టులో ఆయన ఉన్నారు. మన దేశం ఆ పోటీలో అంతకంటే పైకి ఇప్పటిదాకా వెళ్లలేదు. ఆసియా ఆల్ స్టార్ జట్టుకు రెండుసార్లు ఎంపికయ్యారు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. 1971లో ఆట నుంచి విరమించారు. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. కాళ్లతో బతికేవాడికి అది ముసలితనం. చూపుతో బతికే గోల్‌కీపర్‌కు మాత్రం అది పనితనం పండే వయసు.

ఆ తర్వాత కోచ్ అయ్యారు. చివరకు బొకారో స్టీల్ సిటీలో స్థిరపడి, ఉక్కు కర్మాగారం నీడలో కుర్రాళ్లకు ఆట నేర్పారు. 2008 నవంబర్ 24న అక్కడే గుండెపోటుతో పోయారు. ఇంకో నెల ఆగితే 73 ఏళ్లు నిండేవి. పుట్టింది హైదరాబాద్, ఎదిగింది వెల్లింగ్టన్, వెలిగింది కలకత్తా, పోయింది బొకారో. ప్రతి మజిలీలోనూ ఒక సంస్థ ఆయనకు జీతమిచ్చి ఆడనిచ్చింది, లేదా నేర్పనిచ్చింది. ఆయన పట్టుదల ఆయనదే. కానీ పట్టుదలకు నెలనెలా అన్నం పెట్టినవాళ్లను కూడా మరిచిపోకూడదు.

మన ఊరు ఆయన్ను ఎందుకు మరిచిపోయిందని నేను చాలాసార్లు ఆలోచించాను. బయట ఆడాడు కాబట్టి అనుకోవచ్చు. కానీ అసలు సంగతి గోల్‌కీపర్ పనిలోనే ఉంది. కొట్టిన గోలు రికార్డుల్లో ఉంటుంది, పేరుతో సహా, నిమిషంతో సహా. ఆపిన గోలు ఎక్కడా ఉండదు. జకార్తా ఫైనల్లో పి.కె. గోలు 17వ నిమిషమని, జర్నైల్‌ది 20వ నిమిషమని నేను పైన రాయగలిగాను. తంగరాజ్ ఎన్ని ఆపారో, ఏ నిమిషంలో ఆపారో రాయలేను. ఆయన చేసిన పనికి మిగిలిన గుర్తు ఒక్కటే, కొరియా పక్కన ఉన్న ఆ 1 అనే అంకె, అది 2 కాకపోవడం.

అమ్మ చేసే పని, వాచ్‌మన్ చేసే పని, మన బడిలో గేటు దగ్గర కూర్చుని మనల్ని రోడ్డు మీదికి పోనివ్వకుండా కాసిన అటెండరు చేసిన పని కూడా ఇలాంటివే. ఏమీ జరగకుండా చూసినవాళ్ల పేర్లు శిలాఫలకాల మీద ఉండవు.

2022 మార్చి 20న ఈ నగరం పేరు పెట్టుకున్న హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. మ్యాచ్ 1-1తో సమమై పెనాల్టీల దాకా వెళ్లింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. టీవీ ముందు కూర్చున్న నేను ఒక్కణ్నే చప్పట్లు కొట్టాను. ఆయనది గోవా. ఒకప్పుడు మనం దేశానికి గోల్‌కీపర్‌ను పంపాం, ఇప్పుడు గోవా గోల్‌కీపర్ వచ్చి మనకు కప్పు తెచ్చిపెట్టాడు. అందులో చిన్నతనమేమీ లేదు, ఆట అంటేనే అది. అయితే ఆ జట్టుకు ఈసారి మన నాచారం నుంచో, రామంతాపూర్ నుంచో, చిలుకానగర్ నుంచో ఒక కుర్రాడు ఎందుకు వెళ్లకూడదు అనిపించింది.

ఇక మన సంగతి. స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలనే చర్చ సంఘంలో నడుస్తోంది. మిగిలిన గ్రౌండులో శాశ్వత వేదిక కట్టాలని కొందరు, అటువైపు పార్కింగు షెడ్డు వేయాలని కొందరు అంటున్నారు. ఇప్పటికే మనం ఆడిన గ్రౌండులో సగం కొత్త తరగతి గదుల కిందికి పోయింది. పిల్లలు పెరిగారు కాబట్టి గదులు కావాల్సిందే, దాన్ని కాదనను. మిగిలిన సగం మాత్రం ఖాళీగా ఉండనివ్వమని నా విన్నపం. ఉప్పల్ కలాన్ పంచాయతీగా, మున్సిపాలిటీగా ఉండి 2007లో నగరంలో కలిసినప్పటి నుంచి మన చుట్టూ ఖాళీ జాగా అన్నది కనబడకుండా పోయింది. మనం ఆడిన చెరువుగట్లు, పొలాలు ఇప్పటి పిల్లలకు లేవు. మన బడి గోడ లోపల ఉన్న ఆ కాస్త నేల పోతే వాళ్లకు మొబైలే గ్రౌండు.

నేను అడిగేది ఎక్కువ కాదు. రెండు ఇనుప గోల్‌పోస్టులు, పై కర్రతో సహా. రెండు వలలు. నాలుగు జతల గ్లవుజులు. వెల్డింగు పని చేసే మన పూర్వ విద్యార్థులు నాచారంలో చాలామందే ఉన్నారు, వాళ్లలో ఇద్దరు కూలి తీసుకోకుండా చేసిస్తామని ఇప్పటికే మాటిచ్చారు. సాయంత్రం ఒక గంట పిల్లలకు ఆట నేర్పడానికి మా పాత గోలీ, ఆ ఫ్యాక్టరీలో చేరిపోయినవాడు, వస్తానన్నాడు. రిటైరయ్యాడు, తీరిక దొరికింది. పెనాల్టీ కొట్టేవాడి భుజం చూడటం వాడింకా మరిచిపోలేదు.

పదో తరగతి అవగానే జీతం కోసం పరిగెత్తాల్సిన పిల్లలు మన బడిలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లలో ఒక్కడికైనా రైల్వేలోనో, పోలీసులోనో, సైన్యంలోనో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దొరికేదాకా ఫీజూ బూట్లూ మన సంఘం భరిస్తే, నిధి సద్వినియోగమైనట్టే. పీటర్ తంగరాజ్ పేరును ఆ గోల్‌పోస్టు పక్కన చిన్న రేకు మీద రాయిద్దాం. దాని కింద, గోలులో నిలబడటం ఈ గ్రౌండులో శిక్ష కాదని పిల్లలకు అర్థమయ్యేలా, ప్రతి ఏడాదీ ముందుగా కోరుకోవాల్సింది గోలీనే అని నిబంధన పెడదాం.